నాగార్జునకొండ రాళ్లు చెప్పిన సంగతి



కృష్ణా నది నీళ్ల మధ్య ఒక దీవి ఉంది. దాని పేరు నాగార్జునకొండ. అది పల్నాడు జిల్లాలో ఉంది. అక్కడికి పడవ మీద వెళ్లాలి.

పూర్వం అది దీవి కాదు. మూడు వైపులా కొండలు, ఒక వైపు కృష్ణ, నడుమ లోయ. సుమారు 1700 ఏళ్ల కిందట ఆ లోయలో విజయపురి అనే పట్నం ఉండేది. అది ఇక్ష్వాకు రాజుల రాజధాని.

ఆచార్య నాగార్జునుడు ఈ కొండ మీద ఉండేవాడని జనం చెప్పుకుంటారు. ఆయన గురించి ఒక పాత కథ ఉంది. ఒక రాజు కొండను తొలిపించి ఆయన కోసం మఠం కట్టిస్తున్నాడట. సగంలో డబ్బు అయిపోయింది. పని ఆగిపోయింది. అప్పుడు నాగార్జునుడు బండరాళ్ల మీద మందు చల్లాడట. రాళ్లన్నీ బంగారం అయిపోయాయట! 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ కథను రాసి పెట్టాడు.

మరి నాగార్జునకొండ దగ్గర నిజంగా ఏం దొరికింది?

1926లో శాసనాల శాఖ ఉద్యోగి రంగస్వామి సరస్వతి అక్కడి పాత రాళ్లను గుర్తించారు. తర్వాత తవ్వకాలు జరిగాయి. బంగారు బండలు దొరకలేదు. అక్షరాలున్న రాళ్లు దొరికాయి. ఆ అక్షరాలు బ్రాహ్మీ లిపి. మన తెలుగు అక్షరాలు పుట్టింది దాని నుంచే.

వాటిని చదివితే అక్కడి కట్టడాలకు డబ్బు ఎవరిచ్చారో తెలిసింది. ఇచ్చినవాళ్లలో చాలామంది ఆడవాళ్లే!

శాంతిశ్రీ అనే ఆమె రాజుకు తోబుట్టువు. ఆమె మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, కట్టించింది. దాని అడ్డుకొలత 106 అడుగులు. ఆమె అల్లుడు వీరపురుషదత్తుడు. అతను ఆమె తోబుట్టువు కొడుకే. మేనరికం అప్పుడూ ఉందన్నమాట!

బోధిశ్రీ రాణి కాదు.  సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం ఆమె గుడి కట్టించింది. తన పేరుతో పాటు అత్తింటివాళ్ల పేర్లు, పుట్టింటివాళ్ల పేర్లు కూడా రాయి మీద చెక్కించింది.

1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది వేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా గబగబా తవ్వారు. ముఖ్యమైన రాళ్లను కొండ మీదికి చేర్చారు. 1966లో అక్కడ మ్యూజియం తెరిచారు. తర్వాత పట్నం ఉన్న చోటు నీళ్ల కిందకు పోయింది. కొండ దీవి అయింది.

పట్నం పోయింది. శాంతిశ్రీ, బోధిశ్రీ పేర్లు మిగిలాయి. ఎందుకు? వాళ్లు రాయించారు కాబట్టి. ఇటుకలు మోసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ రాయి మీదా కనిపించవు. వాళ్ల చెమట లేకుండా ఆ స్తూపం లేచేదా?

ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. బడికి చందా ఇచ్చినా, పొదుపు సంఘంలో డబ్బు కట్టినా మీ పేరు రాయించండి. ఇంటి పట్టాలో మీ పేరు ఉందో లేదో చూడండి. ఎవరినో అడగొద్దు. కాగితం చేతిలోకి తీసుకుని మీరే చదవండి.