చిగురుపై బుడిపె: భయమూ వద్దు, ఉపేక్షా వద్దు

వాడిపట్టి పరిసరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికీ, బతుకుదెరువుకు ఇటీవల వచ్చినవారికీ ఉపకరించే ఒక ఆరోగ్య విషయం మనవి చేస్తాను. నేను వైద్యుణ్ణి కాను. వైద్యుల మాటలను తెలుగు చేయడం నా వృత్తి.

పంటి చిగురుపై పుట్టే బుడిపెను వైద్యశాస్త్రం ‘ఎపులిస్’ అంటుంది. చిగురు మీదిది అని ఆ గ్రీకు మాటకు అర్థం. వీటిలో అధికభాగం క్యాన్సర్ కావు. పళ్లపై పేరుకొన్న గార, విరిగిన పంటి అంచు, సరిగా అమరని కట్టుడు పళ్లు చిగురును నిరంతరం ఒరుసుకొంటే అది ఉబ్బి బుడిపె కడుతుంది. గర్భిణులలో తాకితే రక్తం కారే ఎర్రని బుడిపె రావచ్చు. ప్రసవానంతరం అది తరచుగా తగ్గుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. అంతమాత్రాన మందును సొంతంగా మానరాదు, వైద్యునికి చెప్పాలి.

‘నిరపాయ కణితి’ అని మేము అనువదించే మాటను జాగ్రత్తగా గ్రహించాలి. అది సాధారణంగా ఇతర అవయవాలకు పాకదని మాత్రమే దాని భావం; వదిలివేయవచ్చని కాదు. దవడలో పుట్టే అమెలోబ్లాస్టోమా ఆ కోవకే చెందినా, నొప్పి లేకుండా ఏళ్ల తరబడి పెరిగి ఎముకను తినివేస్తుంది. పూర్తిగా తొలగించకపోతే తిరిగి వస్తుంది.

అలంగానల్లూరు పొరుగున ఉన్న మనకు పశువులూ ఇంటివారే. కుక్కల చిగుళ్లపైనా ఇటువంటి బుడిపెలు వస్తాయి. కొన్ని దవడ ఎముకలోకి చొచ్చుకుపోతాయి. ఆవు, ఎద్దుల దవడపై రాయివలె కదలక లేచే వాపు చాలా సందర్భాలలో కణితి కాదు, ఆక్టినోమైసిస్ అనే సూక్ష్మజీవి వల్ల కలిగే వ్యాధి. ముతక మేత, ముళ్లు నోట చేసిన గాయం గుండా ఆ క్రిమి ఎముకను చేరుతుంది. వాతలు పెట్టడం దానికి చికిత్స కాదు. తొలిదశలోనే పశువైద్యునికి చూపితే మందులు పనిచేసే అవకాశం ఎక్కువ.

ఇక భాష సంగతి. తమిళంలో చిగురును ‘ఈఱు’ అంటారు. మనకు ఈరు అంటే పేను గుడ్డు. కనుక ఆసుపత్రిలో ‘పల్ ఈఱు’ అని చెప్పి, వేలితో చోటు చూపండి. బుడిపె ఎన్నాళ్లుగా ఉన్నది, రక్తం వస్తున్నదా, పన్ను కదులుతున్నదా, ఏ మందులు వాడుతున్నారు, పొగాకు నమిలే అలవాటున్నదా అనే ఐదింటికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

నోటిలోని బుడిపె గాని పుండు గాని 2 వారాలలో తగ్గకపోతే దంతవైద్యుని దర్శించండి. అవసరమైతే మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి వెళ్లండి. వైద్యులు ముక్క తీసి పరీక్షించాలంటే వెనుదీయకండి. బుడిపె ఏ రకమో నిశ్చయంగా తేల్చేది ఆ పరీక్షే.