ఇంటి మాట – బడి చదువు



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్నచో, అది చదువ నేర్చినవారి ఆదరము వలననే. అయితే ఇప్పుడిప్పుడే చదువ నేర్చుచున్న పసివారి సంగతి ఏమి? అందును ఇంట ఒక భాషయు, బడిలో వేరొక భాషయు గల బిడ్డల సంగతి ఏమి? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ఆదిలాబాదు సీమలోని గోండు బాలునొకనిని తలచుకొనుడు. వయస్సు ఆరేండ్లు. బడిలో చేరునాటికే వాడు తన భాషలో తల్లితో చక్కగా మాటలాడగలడు. తాత చెప్పిన కథను తిరిగి చెప్పగలడు. ఇంత భాష నేర్చిన బిడ్డ మందబుద్ధి ఎట్లగును? కాని తెలుగు వాచకము తెరచిన వెంటనే వాని గొంతు తగ్గిపోవును. ‘ఏరు’ అను మాటను అక్షరము తప్పక చదువును. వాని ఇంట ‘ఏర్’ అనగా నీరు. వాచకములో ఏరనగా పారెడు వాగు. అక్షరము వచ్చినది, అర్థము రాలేదు. అర్థము చెప్పుమన్నచో తడబడును, తోడివారు నవ్వుదురు. మరునాడు నోరు విప్పడు. తుదకు బడియే మానును. లోపము బిడ్డది కాదు. తెలిసిన మాటనుండి తెలియని మాటకు వంతెన వేయని పెద్దలది.

ఆ వంతెన వేసినవారు లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో నుండి సవర భాషను నేర్చి, ఆ బిడ్డలకు వాచకములు వ్రాసి, బడులు పెట్టిరి. 1940వ దశకమున హైమన్‌డార్ఫ్ గారి పూనికతో ఆదిలాబాదు సీమలోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ జరిగినది. గోండీ వాచకములును వెలువడినవి. 1956లో రాజ్యాంగమున చేరిన 350–ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పినది. 2004 ప్రాంతమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశములో గోండీ, కోయ, సవర మొదలగు 8 భాషలలో తెలుగు లిపితోనే వాచకములు సిద్ధమైనవి.

“ఇంటి భాషలో చదివినచో తెలుగు వెనుకబడదా?” అని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ భయము సహజమే. కాని అక్షరమునకు ధ్వని కలదనియు, ధ్వనులు కూడి అర్థమగుననియు ఒక భాషలో గ్రహించిన బిడ్డ, రెండవ భాషలో దానిని మరల మొదటినుండి నేర్వ నక్కరలేదు. లిపి ఒక్కటియే అయినచో పని మరింత సులభము. అయితే తెలుగు మాటలను మాత్రము వినిపించి, పలికించి, ఓపికతో నేర్పవలెను.

ఇందు గ్రంథాలయము చేయదగిన పని కలదు. బడిలో పరీక్ష కలదు; గ్రంథాలయములో లేదు. కనుక బిడ్డ భయము లేక చదువుటకు తగిన చోటు ఇదియే. వారమున కొకనాడు బొమ్మల పుస్తకములు ముందుంచి, కథను మొదట ఇంటి భాషలో చెప్పించి, పిమ్మట తెలుగులో చదివింపవలెను. ప్రతి తప్పునకు అడ్డుపడరాదు. వాక్యము ముగియనిచ్చి, మెల్లగా సరిదిద్దవలెను. చదివిన పుస్తకమునే మరల అడిగినచో కాదనరాదు. రెండవసారి తడబాటు తగ్గును. మూడవసారి గొంతు పెరుగును. పెద్ద తరగతి బిడ్డ చిన్నవానికి చదివి వినిపించినచో ఇద్దరికిని మేలు.

బీరువాలోని పుస్తకముల లెక్క గ్రంథాలయమునకు ఘనతయే. కాని గొంతు విప్పలేని బిడ్డ ఒకడు అక్కడ ఒక పుట బిగ్గరగా చదివి, అర్థము తెలిసి నవ్విననాడు కలిగెడు ఘనత అంతకన్న పెద్దది.