గుర్తు పుట్టింటిదా, అత్తింటిదా?

లండన్ నేషనల్ గ్యాలరీలోని పసుపు గౌను స్త్రీని మీకు పరిచయం చెయ్యనక్కర్లేదు. నీలి నేపథ్యం మీద పక్కముఖం, ఎత్తైన నుదురు, గౌను చేతి మీద పెద్దగా ఖర్జూరపు మట్టల గుర్తు. చిత్రకారుడి సంతకం మాత్రం లేదు. 1866లో గ్యాలరీ దీన్ని పియెరో డెల్లా ఫ్రాంచెస్కా చిత్రంగా కొన్నది. పియెరో ఉర్బినో కొలువుకు పనిచేసినవాడు; కనుక ఆమె ఉర్బినోకు చెందిన పాల్మా దొరసాని అయింది. ఆ ఇంటిపేరు గౌను మీది మట్టల్లోంచి మొలిచినట్టే కనిపిస్తుంది. 1911లో కళావిమర్శకుడు రోజర్ ఫ్రై ఇది పియెరోది కాదు, ఫ్లోరెన్సువాడైన అలెస్సో బాల్డొవినెట్టిది అన్నాడు. ఆ మాట నిలిచింది. పియెరో పోయాక దొరసానికి ఊరి ఆధారమూ పోయింది, ఇప్పుడామె పేరు ఎవరూ చెప్పలేరు. నా వాదమంతా ఇందులోనే ఉంది. చిత్రకారుడికి ముందుగా పేరు పెట్టేస్తే, ఆ పేరు మిగతా సాక్ష్యాన్నంతా తన వైపు లాక్కుంటుంది. గౌను మీది గుర్తు స్వతంత్రంగా సాక్ష్యం చెప్పవలసింది. అది పియెరో కథకు వంత పాడింది.

మనకిది కొత్త కాదు. కర్త తెలియని మంచి చాటువు కనబడితే శ్రీనాథుడి ఖాతాలో వేస్తాం. వేశాక అందులోని ఊళ్లన్నీ ఆయన తిరిగిన ఊళ్లే అవుతాయి. క్రీడాభిరామం ఎవరిదన్న దాని మీద జరిగిన యుద్ధం మీరెరుగుదురు. ఇటలీ పక్కముఖ చిత్రాల్లో ఆ శ్రీనాథ పీఠం చాలాకాలం పియెరో డెల్లా ఫ్రాంచెస్కాదే. మిలాన్ పోల్డి పెత్సోలి మ్యూజియంలోని ముత్యాల దండ స్త్రీ కూడా మొదట ఆయన లెక్కలోనే ఉండేది. తర్వాత ఆంటోనియో డెల్ పొల్లాయువోలోకి, అక్కడినుంచి అతని తమ్ముడు పియెరోకి మారింది. బెర్లిన్‌లోని మరో పక్కముఖ చిత్రం కొంతకాలం డొమెనికో వెనెత్సియానో ఇంట కాపురం చేసి వచ్చింది. 2014లో మిలాన్ మ్యూజియం ఈ రెండింటినీ, ఫ్లోరెన్సు, న్యూయార్కుల్లో ఉన్న మరి రెండింటితో కలిపి ఒకేచోట ప్రదర్శించింది. అక్కడ తమ్ముడి పక్షాన వాదించినవారికి బలమిచ్చింది కాగితాలే. ఆంటోనియోను అవి ప్రధానంగా కంసాలిగా చెబుతాయి. 1469లో ఫ్లోరెన్సు వర్తకుల న్యాయస్థానం సద్గుణాల చిత్రాలను అప్పగించింది తమ్ముడికి. బాగున్న గీత అన్నగారిది, బాగాలేనిది తమ్ముడిది అని తరాల తరబడి మార్కులు వేసిన పెద్దలకు ఈ కాగితాలు తెలియనివి కావు. అయినా ఆంటోనియోయే ఫ్లోరెన్సు బాప్టిస్టరీ పూజారుల వస్త్రాల కుట్టుపనికి నమూనాలు గీశాడు; 1466 నుంచి ఆ పని నడిచింది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన చిత్రంలో జరీ బుటేదారు బట్టను ఊహించింది ఎవరు, రంగు వేసింది ఎవరు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చిత్రం కింది చీటీలో ఒక్క పేరు మార్చినంత మాత్రాన రెండూ తీరవు.

కుంచె జాడలు పోల్చే కన్ను లేకపోతే ఫ్రై లేడు, ఫ్రై లేకపోతే పాల్మా దొరసాని ఇంకా ఉర్బినోలోనే ఉండేది అంటారు. నిజమే. కానీ ఫ్రై పడగొట్టింది కూడా కంటి తీర్పునే. ఒక కన్ను వేసిన ముడిని మరో కన్ను విప్పడం మెచ్చుకోదగ్గదే గాని, ముడి అసలెందుకు పడిందో అది చెప్పదు. కర్త తెలియకపోతే కాలమూ స్థలమూ ఎలా తెలుస్తాయన్నది మరో అభ్యంతరం. దీన్ని మాత్రం నేనొప్పుకోను. కాలాన్ని జుట్టు ముడి చెబుతుంది, గౌను కోత చెబుతుంది; ఆడవాళ్ల ఆడంబరాన్ని అదుపు చెయ్యడానికి ఫ్లోరెన్సు మళ్లీ మళ్లీ చేసిన శాసనాలు చెబుతాయి. ఇంటి ఉత్తరాలూ చెబుతాయి. 1447లో అలెస్సాండ్రా మాచింగి స్ట్రోత్సి నేపుల్స్‌లోని కొడుక్కి కూతురు కాతెరీనా పెళ్లి సంగతి రాసింది. కట్నం 1,000 ఫ్లోరిన్లు. వరుడు పట్టు వ్యాపారి మార్కో పారెంతి. పిల్లకు ఎర్ర వెల్వెట్ గౌను, నెమలి ఈకలూ ముత్యాలూ కూర్చిన తలకట్టు చేయిస్తున్నాడు. పిల్ల వీధిలోకి వస్తే ఒంటిమీద 400 ఫ్లోరిన్లకు పైనే ఉంటుందని తల్లి లెక్క. పారెంతి ఖర్చుల పుస్తకమూ మిగిలింది. ఇలాంటి పుస్తకాలు చదివిన చరిత్రకారిణి క్రిస్టియాన్ క్లాపిష్-జుబేర్ వధువును అలంకరించడం భర్త వ్యవహారమనీ, ఆ సొమ్ము ఆమెకు దక్కేది కాదనీ నిరూపించింది.

అందుకే, ఎంతమంది నవ్వినా, ఈ రంగంలోకెల్లా పెద్ద ప్రశ్న పసుపు గౌను మీది గుర్తు పుట్టింటిదా, అత్తింటిదా అన్నదేనంటాను. పుట్టింటిదైతే తండ్రి తన వంశాన్ని కూతురి ఒంటిమీద సాగనంపుతున్నాడు. అత్తింటిదైతే భర్త తన కొత్త ఆస్తి మీద ముద్ర వేస్తున్నాడు. రెండు సందర్భాల్లో చిత్రం గీయించినవాడు వేరు, వెతకవలసిన ఇంటి లెక్కలు వేరు, ఆ లెక్కల్లో దొరకగల చిత్రకారుడూ వేరు కావచ్చు. అది ఉత్త నేతపని నమూనా కాకూడదా అంటే, నేత నమూనా బట్టంతా మళ్లీ మళ్లీ వస్తుంది. ఇది చేతి మీద, చూసేవాడి వైపు, పెద్దదిగా ఒక్కటే నిలిచింది. మిలాన్ చిత్రం వెనక ఎవరో ఆమెను జొవాన్ని దె బార్ది భార్య అని రాశారు. ఆ రాతను నమ్మాలా వద్దా అన్నది అలా ఉంచండి. రాసినవాడికి కూడా ఆమె సొంత పేరు అవసరమనిపించలేదు.

కుంచె జాడలు పోల్చేవారికి పదవులకూ పుస్తకాలకూ లోటు లేదు. వంశచిహ్నాల పట్టీలు, పట్టు వ్యాపారుల దస్తాలు, దర్జీల పద్దులు పక్కపక్కన పెట్టి చదివేవారికే కుర్చీ దొరకడం లేదు. మన ఈ సభ కార్యక్రమ పత్రమూ అంతే: ఉదయపు పత్రాలన్నీ కర్తృత్వం మీద, బట్టల మీద ఒకే ఒక్కటి, అదీ రేపు భోజనాల తర్వాత అందరికీ కునుకు పట్టే వేళకు. అధ్యక్షుడికి ఉండే కాస్త అధికారం వాడుకుని ఆ పత్రాన్ని ముందుకు జరుపుతున్నాను. రచయిత్రి సభలోనే ఉన్నారు, వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.