పసిపిల్లలున్న ఇల్లు



పాకే పిల్లలున్న ఇంట్లో ముందుగా చూసుకోవలసింది స్నానాలగది. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్‌లోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. ముక్కూ నోరూ మునిగే రెండంగుళాల నీళ్లున్నా ప్రాణానికి ముప్పే. మునిగే బిడ్డకు కేక వేసే వీలు కూడా ఉండదు. అందుకే పని కాగానే బకెట్ బోర్లించండి. సంపు మూతకు తాళం వేయండి. స్నానాలగదికి పైగడియ పెట్టండి.

ఇక వంటిల్లు. సాంబారు గిన్నె, వేడి గంజి నేలమీద ఉంచకండి. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి పక్కకు వెళ్లకండి. ఒళ్లు కాలితే వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి నీళ్లు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు.

ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకండి. పిల్లలకు తేడా తెలియదు. పొరపాటున తాగితే వాంతి చేయించకండి. యాసిడ్ గొంతును మళ్లీ కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి, ఆ సీసాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగినా అంతే తొందర అవసరం. అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు.

చివరగా ఒక్క మాట. "చెల్లిని చూస్తుండు నాన్నా" అని ఆరేళ్ల అన్నకు అప్పగించి వెళ్లడం కాపలా కాదు. ఆ పని పెద్దవాళ్లదే.