అటక మీది కంప్యూటర్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. నలభై ఐదు నిమిషాల పీరియడుకు అలవాటుపడ్డ మాస్టారికి అది కష్టమే. అయినా ప్రయత్నిస్తాను.

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఒక పాత కంప్యూటర్ ఉండి ఉంటుంది. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. వాడు ఉద్యోగం వచ్చాక ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు, ఇది ఇంట్లో మిగిలిపోయింది. పారేయడానికి మనసొప్పదు, వాడాలంటే నత్తనడక. నేను మాట్లాడేది దాని గురించే.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఎనిమిదేళ్ల క్రితం మన దాతల ఇళ్లు తిరిగి మా బడికి పదకొండు కంప్యూటర్లు పోగుచేశాను. దండలు వేశాం, ఫొటో దిగాం. ఏడాది తిరిగేసరికి పనిచేసేవి రెండు. మిగతా వాటిని ఒక గదిలో పెట్టి తాళం వేశాం. ఇచ్చినవాళ్ల తప్పు ఏమీ లేదు. వచ్చిన వస్తువును సిద్ధం చేసేవాడు, చూసుకునేవాడు ఉండాలని నాకే తట్టలేదు.

అదే ఏడాది మా పదో తరగతి అమ్మాయి ఒకరు నెట్ సెంటర్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టించుకుంది. ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది. డబ్బు రాలేదు. తండ్రి సైకిల్ మీద చీరలు అమ్ముతాడు. "సార్, స్క్రీన్ అతని వైపు తిరిగి ఉంది, నాకు కనిపించలేదు" అంది. తాళం వేసిన ఆ గది పక్కనుంచే రోజూ క్లాసుకు వెళ్లేవాణ్ణి.

తర్వాత పాలిటెక్నిక్ చదివే మా పూర్వ విద్యార్థులు ఇద్దరు సెలవుల్లో వచ్చి ఆ గది తలుపు తీశారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కొంత చెబుతాను.

మొదటిది, చాలా యంత్రాలు చావలేదు, దుమ్ము పట్టాయి, అంతే. లోపల ఫ్యాన్ మూసుకుపోతుంది, ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండిపోతుంది. మదర్‌బోర్డు మీద నాణెం లాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ పోయిందని యంత్రమే పోయిందనుకుని పక్కన పెట్టేశాం!

రెండోది, నెమ్మదితనం. దానికి కారణం చాలావరకు గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్క్. దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి, రెండు జీబీ మెమరీని నాలుగు చేస్తే పన్నెండేళ్ల యంత్రం కూడా లేచి కూర్చుంటుంది. తొమ్మిదింటి విడిభాగాలు అటూ ఇటూ మార్చి ఆరు నిలబెట్టారు మా పిల్లలు.

మూడోది, విండోస్. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరిలో ఆగిపోయాయి, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో గడువు తీరింది. పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. సవరణలు రాని యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టడం తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. అందుకని మేం లినక్స్ వేశాం. లినక్స్ మింట్, లుబుంటు వంటివి ఉచితం, పాత యంత్రాలకు సరిపోతాయి. "విండోస్ లేకపోతే ఉద్యోగానికి ఏం పనికొస్తుంది మాస్టారూ?" అని ఒక పెద్దాయన అడిగారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే ఐటీ పాఠం నేర్చుకుంటున్నారు. లిబ్రె ఆఫీస్‌లో ఉత్తరం, లెక్కల పట్టిక వచ్చినవాడికి ఇంకొకటి అలవాటు కావడానికి వారం చాలు.

అయితే ఆయన మాటలో నిజం కూడా ఉంది. మన ఊళ్లలో డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఉర్దూ కరపత్రం అంటే ఇన్‌పేజ్. మన దగ్గర అవన్నీ విండోస్ మీద నడిచేవే. కాబట్టి అన్నిటికంటే ముసలి యంత్రాన్ని విండోస్‌తోనే ఉంచి, ఇంటర్నెట్ తీగ తగిలించకుండా డీటీపీ నేర్పడానికి వదిలేశాం.

మిగతా అయిదింట్లో ఒకదానిలో కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా దింపి పెట్టాం. నెట్ లేని రోజు కూడా పక్క కంప్యూటర్లు దాన్ని చదువుకుంటాయి. చిన్న తరగతులకు జీకాంప్రి ఆటలు. మరో దానికి స్కానర్ తగిలించాం, దరఖాస్తులు అక్కడే. అక్కడ స్క్రీన్ పిల్లల వైపే ఉంటుంది. ఖాతా నంబరు వాళ్లే కొడతారు, వాళ్లే రెండుసార్లు చదువుతారు.

ఇక ఇచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. మాకు వచ్చిన ఒక డిస్క్‌లో ఒక కుటుంబం పెళ్లి ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఉన్నాయి. మేం తెరిచి చూసి సిగ్గుపడ్డాం. డిలీట్ కొట్టి చెత్తబుట్ట ఖాళీ చేస్తే పోయినట్టు కాదు, తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డిస్క్ మొత్తాన్ని కొత్త సమాచారంతో నింపి చెరిపించాలి. అనుమానం ఉంటే డిస్క్ విప్పి మీరే ఉంచుకోండి, పెట్టె మాకివ్వండి. ఎలాగూ మేం ఎస్‌ఎస్‌డీ వేస్తాం.

అన్నీ ఇవ్వకండి కూడా. గూడు లాంటి పాత మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. ఉబ్బిన యూపీఎస్ బ్యాటరీ ప్రమాదం. అలాగని కబాడీకి వేస్తే అది ఎవరి చేతికి చేరుతుందో ఆలోచించండి. ఢిల్లీ సీలంపూర్‌లో మనలాంటి కుటుంబాలే రాగి కోసం తీగలు కాల్చి, బోర్డులను యాసిడ్‌లో ముంచి ఆ పొగ పీల్చాయి. నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే అప్పగించాలి. సొసైటీ ఏడాదికోసారి ఒక వాహనం మాట్లాడి అందరివీ కలిపి పంపితే బాగుంటుంది.

చివరగా డబ్బు మాట. ఒక కొత్త కంప్యూటర్ కొనిస్తామని ఒక దాత అన్నారు. వద్దన్నాను, ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఆ డబ్బుతో ఆరు ఎస్‌ఎస్‌డీలు, మెమరీ, బ్యాటరీలు కొని, ఆదివారాలు వచ్చి యంత్రాలు చూసే పిల్లవాడికి కొన్ని నెలలు బస్సు చార్జీ, భోజనం ఇవ్వొచ్చు. ఫలకం మీద పేరు వేయడానికి అందులో చోటు ఉండదు, నిజమే.

బయట గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్ పెట్టాం. మీ యంత్రం ఏ సంవత్సరం కొన్నది, ఆన్ అవుతుందా లేదా, పవర్ తీగ ఉందా, ఇవి రాయండి. డిస్క్ చెరపడం తెలియనివాళ్లు పక్కన ఒక టిక్కు పెట్టండి. మా పిల్లలు ఇంటికి వచ్చి మీ ఎదుటే చెరిపి తీసుకెళ్తారు.