చదువు రాని సిపాయికి ఏ పని?



సైన్యం అంటే తుపాకీ పట్టడం ఒక్కటే కాదు. వంట చేసేవాళ్లు కావాలి. లారీ నడిపేవాళ్లు కావాలి. గుర్రాలను చూసుకునేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు కావాలి. మరి ఎవరికి ఏ పని ఇవ్వాలి?

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. లక్షల మంది యువకులు సైన్యంలోకి వచ్చారు. ఎవరికి ఏం వచ్చో తెలియదు. రాబర్ట్ యెర్కీస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు పరీక్షలు తయారు చేశారు. చదువు వచ్చినవాళ్లకు ‘ఆల్ఫా’ పరీక్ష. చదువు రానివాళ్లకు, ఇంగ్లీషు తెలియనివాళ్లకు ‘బీటా’ పరీక్ష. మొత్తం 17 లక్షల మందికి పైగా పరీక్ష పెట్టారు.

బీటాలో చదవాల్సిన మాటలు లేవు. బొమ్మలు, గుర్తులు, అంకెలు ఉండేవి. ఏం చేయాలో సైగలతో, నల్లబల్ల మీద చూపించేవారు. ఒక బొమ్మలో ముఖం ఉంటుంది, నోరు ఉండదు. లేనిది గీయాలి. ఇది ఎవరికైనా తెలుస్తుంది. ఇంకో బొమ్మలో టెన్నిస్ ఆట. మధ్యలో వల లేదు. ఇటలీ పల్లె నుంచి వలస వచ్చిన కూలీ టెన్నిస్ ఎక్కడ చూశాడు? పెన్సిలు పట్టడమే కొందరికి కొత్త.

అలాంటివాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయి. తెలివే తక్కువ అనేశారు. 1923లో కార్ల్ బ్రిగమ్ అనే ఆయన ఈ మార్కులు చూపించి, ఫలానా దేశాలవాళ్లకు తెలివి తక్కువ అని పుస్తకం రాశాడు. 1924లో అమెరికా చట్టం చేసి, ఆ దేశాల నుంచి వలసలు బాగా తగ్గించింది. 1930లో బ్రిగమే తన మాట తప్పని ఒప్పుకున్నాడు. అప్పటికే చట్టం వచ్చేసింది!

అదే సైన్యంలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. వడ్రంగం వచ్చు అన్నవాడిని ఆ పని గురించి నోటితోనే ప్రశ్నలు అడిగేవారు. లేదా పని చేయించి చూసేవారు. ఏ పని వచ్చో కార్డు మీద రాసుకునేవారు. అక్కడ చేతిలోని పనికి విలువ దొరికింది.

ఇప్పుడు అమెరికా సైన్యంలో చేరేవాళ్లకు ‘అస్వాబ్’ అనే పరీక్ష ఉంది. లెక్కలు, మాటల అర్థాలు, యంత్రాలు, కరెంటు పని, వీటికి వేరువేరుగా మార్కులు ఇస్తారు. వాటిని బట్టి తగిన పనులు చూస్తారు.

అక్షరం రాకపోతే తెలివి లేనట్టు కాదు. నారు చూసి అదును చెప్పే ఆడమనిషికి తెలివి లేదని ఎవరనగలరు? అయినా అక్షరం కావాలి. మీ గురించి ఎవరు ఏం రాశారో అప్పుడు మీరే చదువుకోవచ్చు. తప్పుంటే, తప్పని అడగొచ్చు.