వరికి ఉల్లికోడు



పైరు పచ్చగా, గుబురుగా నిలిచియున్న వేళనే రైతును మోసగించు పీడ యొకటి వరికి గలదు. గట్టుపై నిలిచి చూచువానికి పొలము కళకళలాడుచునే యుండును. మడిలో దిగి దుబ్బును విడదీసినప్పుడు మాత్రము, ఆకు విచ్చుకొనవలసిన చోట ఉల్లికాడ వంటి బోలుగొట్టము వెండివలె తెల్లనై నిటారుగా కనబడును. ఆ పిలకకు వెన్ను రాదు. దీనినే రైతులు ఉల్లికోడు అందురు. ఆ పేరు పెట్టినవారు పుస్తకము చూచి గాక పొలము చూచి పెట్టిరనుటకు సందేహము లేదు.

వాడుకలో దీనిని తెగులని పలుకువారున్నను, ఇది తెగులు కాదు, పురుగు చేయు పని. దోమంత యీగ రాత్రివేళ ఎగిరి ఆకులపై గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు ఆకుపైని మంచుతడి నాధారము చేసికొని, ఆకుతొడిమల సందున జారి, పిలక మొదట నున్న మొగ్గను చేరును. తడి లేనిచో దానికి దారి లేదు. మబ్బు పట్టి, ముసురు విడువక, గాలిలో చెమ్మ నిండిన దినములలోనే యీ పీడ పెచ్చు పెరుగుటకు కారణ మిదియే. మొగ్గను పురుగు తినుచుండగా చుట్టునున్న ఆకుతొడిమ గొట్టముగా సాగిపోవును. పురుగు కోశస్థ దశలో గొట్టము కొనకు ప్రాకి, రంధ్రము చేసికొని, ఈగయై వెడలిపోవును. గ్రుడ్డు మొదలు ఈగ వరకు ఇంచుమించు మూడు వారములు. దెబ్బతిన్న దుబ్బు ప్రక్కపిలకలను తొడుగును. తరువాతి తరము ఈగలు వానిని పట్టును.

పైరు పొట్టకు వచ్చు దశలో ప్రవేశించిన పిదప ఈ పురుగునకు పట్టు చిక్కదు. కావున దీని జయాపజయములు చాలవరకు నాట్ల తేదీపై ఆధారపడియున్నవి. జులైలో నాట్లు ముగిసిన పొలము, ఆగస్టు సెప్టెంబరు ముసురులు ముదురునాటికి పిలకలు తొడిగి కొంత తెరిపిన పడును. ఆలస్యముగ నాటిన పొలమే చిక్కును. కాని తొందరగ నాటుడని చెప్పుట సులభము, నీరెక్కడిది? పోచంపాడు ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి పడి, అనంతరము కాలువనీరు కరీంనగర్ సీమకు చేరినను, చెరువుల క్రింద, కుంటల క్రింద ఆబి పంట వేయువారు వాన కొరకు ఎదురుచూచుచునే యున్నారు. పూర్వపు ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని కడెం కాలువ క్రింద జన్నారం, లక్షెట్టిపేట ప్రాంతముల రైతు సైతము నీటి విడుదలను బట్టియే నారు పోయవలసియుండును. కౌలుదారుని స్థితి మరియు కష్టము. వెన్ను రాని పిలకకును కౌలు చెల్లింపక తప్పదు.

అందువలననే శాస్త్రజ్ఞులు విత్తనమునందే రక్షణ వెదకిరి. ఈశ్వరకోర యను నాటువరి ఈ పురుగునకు లొంగదని గమనించి, దానితో సంకరము చేసి వరంగల్ పరిశోధనా క్షేత్రమున డబ్ల్యు 1263 అను రకమును తీసిరి. అట్టి వరిలో ప్రవేశించిన పిల్లపురుగు గొట్టము కట్టకమునుపే చచ్చును. పిమ్మట వచ్చిన ఫల్గుణ రకము మరియొక విధమైన నిరోధము గలది. అయితే పురుగు ఊరకుండలేదు. 1980 దశకమున శ్రీకాకుళమున ఫల్గుణయే దెబ్బతినెను. పరిశీలింపగా, చూచుట కొకేరీతిగ నున్న ఈగలలో పలు తెగలున్నట్లు తేలెను. జగిత్యాల ప్రాంతపు తెగ ఫల్గుణను లొంగదీయును గాని డబ్ల్యు 1263 వంశపు నిరోధమునకు తల యొగ్గును. వరంగల్‌లో పిమ్మట గుర్తింపబడిన తెగయో, ఆ నిరోధమును గూడ లెక్కచేయదు. నిరోధము పుట్టిన యూరనే దానిని మ్రింగు పురుగు పుట్టుట చిత్రమే.

జగిత్యాల చేరువ పొలాసలోని పరిశోధనా స్థానము ఈ భేదమును గ్రహించి పనిచేసెను. జనులు ఇష్టపడు సన్నబియ్యపు సాంబమసూరి ఉల్లికోడుకు సులభముగ లొంగునది. దానిని నిరోధము గల కావ్య రకముతో సంకరపరచగా జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ వెలువడినవి. అన్నమునకు సన్నము, పొలమునకు ధైర్యము. కాని ఒక జిల్లాలో నిలిచిన విత్తు ప్రక్క జిల్లాలో నిలుచునను నమ్మకము లేదు. చుట్టమింటినుండి విత్తనపు మూట తెచ్చుకొనువారు ముందుగ ఆ రకము తమ ప్రాంతపు ఈగకు తట్టుకొనునో లేదో పొలాసలో విచారించుట మేలు.

ఇక కలుపు మాట. పైరు లేని దినములలో ఈగ ఎక్కడ తలదాచుకొనును? కోసిన మోళ్ళనుండి మరల చిగిర్చిన పిలకలలో, అడవివరిలో, గట్లమీది కొన్ని గడ్డిజాతులలో. గట్లు చెక్కుట, కోత కాగానే మోళ్ళు దున్నివేయుట వెనుకటి పెద్దలు చేసిన పనియే. నేడు యంత్రము కోసిపోయిన మడిలో మోళ్ళు వారములకొలది నిలుచుచున్నవి.

మందుల విషయమున ఒక హెచ్చరిక అవసరము. గొట్టములు కనబడినంతనే దుకాణమునకు పరుగిడువారు పెక్కుమంది. పురుగు పిలక గర్భమున నుండగా పైన చల్లిన మందు దానిని చేరుట అరుదు. గొట్టము కొనను రంధ్రమున్నచో ఈగ అప్పటికే వెడలిపోయినది. మందు వాడవలసిన చోట, నారు తీయుటకు వారము ముందుగ నారుమడిలో గుళికలు చల్లుట తక్కువ ఖర్చుతో అగు పని. నాటిన పిమ్మట నూరు పిలకలలో అయిదింటికి కోడు సోకినప్పుడే తిరిగి ఆలోచింపవలెను.

మరియొకటి గలదు. కొన్ని గొట్టములను చీల్చి చూచిన ఈగపురుగునకు బదులు, దాని చర్మములోనే కిక్కిరిసిన అతి చిన్న కందిరీగ పిల్లలు కనబడును. ఒక్క పురుగు దేహమున అవి పెక్కు పెరుగును. పంట నడిమి కాలము దాటిన పిదప వీని బలము హెచ్చును. కావున మందు కొనుటకు ముందు పది గొట్టములను గోటితో చీల్చి, లోపలనున్నది ఎవరో చూచుకొనవలెను. ఎక్కువ గొట్టములలో కందిరీగ పిల్లలే యున్నచో ఆ వారము మందు మానుకొని, ఎనిమిదవ నాడు మరల పది గొట్టములు చీల్చి చూడవలయును.